కరెంటాయన పిలిచే పేరు

ఆగస్టు 28, తెనాలి

తాళం బావగారు తీశారు. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. కింద ఏదో అడ్డుపడింది. ఆయన భుజంతో నెడితే కాగితాలు నలుగుతూ వెనక్కి జరిగాయి. చిన్న చిన్న కాగితాలు, బస్సు టిక్కెట్టు కంటే కాస్త పొడుగువి. కరెంటు బిల్లులు.

వంగి ఒకటి తీశాను. పైన తెలుగులో మా ఆయన పేరు. ఇంకొకటి తీశాను. దాని మీదా అతని పేరే. అతను పోయింది ఫిబ్రవరిలో. ఈ కాగితాలు మార్చి నుంచి ఇప్పటిదాకా వచ్చినవి. అక్కడ మలేషియాలో, ఇపోలో నేను అతని ఫోను, బ్యాంకు, కారు ఒక్కొక్కటే మూయిస్తూ తిరిగిన నెలల్లోనే, ఇక్కడ ఎవరో ఒక మనిషి నెలనెలా ఈ మెట్లెక్కి, ఈ గుమ్మం ముందు నిలబడి, అతని పేరు అచ్చు వేసి లోపలికి తోశాడు. నాకు ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు.

ఇంకో వింత. తెలుగులో బిల్లు చూడటం నా జన్మలో ఇదే మొదలు. మా ఊరు బగాన్ దాతోలో తెలుగంటే పెళ్ళి శుభలేఖ, శనివారం భజన, మా మామ్మ తిట్లు, తెలుగు సంఘం వాళ్ళ ఆదివారం క్లాసు. అంతే. బిల్లులన్నీ మలయ్ భాషలో వచ్చేవి. ఇక్కడ చూస్తే 'ప్రస్తుత రీడింగు', 'గడువు తేదీ' అంటూ మా మామ్మ భాష దొరలాగా నన్ను దబాయిస్తోంది. ఈ భాషకి దీపం ఆర్పేసే అధికారం కూడా ఉందన్నమాట. నవ్వొచ్చింది, గర్వంగానూ ఉంది. మామ్మ బతికుంటే ఈ కాగితాన్ని కళ్ళకద్దుకునేది.

"అవన్నీ నేను కట్టేశానమ్మా, పారెయ్" అన్నారు బావగారు. ఆయన అతని అన్నయ్య. రవిశంకర్ గారు, బాపట్లలో ఇన్సూరెన్సు ఏజెంటు. కాగితం కనిపిస్తే చాలు, దాని పని పట్టేదాకా ఆయనకి నిద్రపట్టదు.

పారేయలేదు.

ఎప్పటికైనా ఇక్కడ స్థిరపడదామని అతను కొన్న పై వాటా ఇది. ఇప్పుడు అమ్మేసి వెళ్ళిపోవాలి. నేను పనిచేసే బడికి జనవరి దాకా సెలవు పెట్టాను కానీ అంత అక్కర్లేదు. ఇంకో నెల బిల్లు కట్టేసి వెళ్ళిపోతాను.

ఆగస్టు 29

మార్చి, ఏప్రిల్ బిల్లుల మీద అక్షరాలు వెలిసిపోయాయి. పేరు ఉండాల్సిన చోట ఉత్త తెలుపు. ఆగస్టుది బాగుంది. దాన్ని ఎండ తగలని చోట, బీరువా తలుపు లోపలి వైపు అంటించాను.

సెప్టెంబర్ 5

పొద్దున వీధిలో ఎవరో పేర్లు పిలుస్తున్నారు, బళ్ళో హాజరు వేసినట్టు.

"సాంబశివరావు గారూ, కరెంటు బిల్లండీ!"

ఎదురింట్లోంచి ఒక పడుచు గొంతు, "ఆఁ, వస్తున్నాం!"

"నాగభూషణం గారూ, కరెంటు బిల్లండీ!" ఇది సరిగ్గా మా కింద వాటా ముందు.

"ఆఁ, వస్తున్నాం!" ఇది ఆదిలక్ష్మి పిన్నిగారు. డెబ్బై దాటిన మనిషి. కింద వాటా ఆవిడదే. నేను దిగిన రోజు నుంచీ గిన్నెలో ఏదో ఒక కూర పైకి పంపుతూనే ఉంది. నేను 'విద్యుత్తు' అంటే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతుంది. "కరెంటు అనమ్మాయ్, రేడియోలో వార్తలు చదువుతున్నావా ఏంటి?" అంటుంది.

తరవాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. నా తలుపు ముందు ఆగింది.

"జశ్వంత్ గారూ! కరెంటు బిల్లండీ!"

ఫిబ్రవరి నుంచి ఆ పేరు ఎవరూ గట్టిగా పలకలేదు. ఇపోలో పలకరింపుకి వచ్చినవాళ్ళంతా గొంతు తగ్గించి, ఆ పేరుకి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు పలికేవాళ్ళు. నేనైతే అసలు పలకలేదు. ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, ఇంట్లో స్నానం చేస్తున్న మగాణ్ణి పిలిచినట్టు నిండు గొంతుతో పిలిచాడు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండోసారి కూడా పిలవనిచ్చాను. కావాలనే.

తలుపు తీస్తే మెడలో మిషను వేలాడేసుకున్న మనిషి. పేరు బర్నబాస్ అట. ఈ వీధులన్నీ అతనివేనట.

"సారు లేరాండి?"

"డ్యూటీకి వెళ్ళారండి."

"సరేనక్కా. మీటరు మరీ ఇంత తక్కువ తిరిగిందేంటండి? ఫ్యానన్నా వేసుకోండి, ఉడికిపోతారు" అని బిల్లు చింపి ఇచ్చి వెళ్ళిపోయాడు.

చనిపోయిన మనిషి ఏ డ్యూటీకి వెళ్తాడు? ఎందుకలా అన్నానో తెలియదు. కంగారులో తెలుగు తడబడి ఉంటుంది. అంతే.

సాయంత్రం ఇంకో తెలివితక్కువ పని చేశాను. కింద ఇంట్లో నాగభూషణం గారని ఒక పెద్దాయన ఉన్నారని ఇన్నాళ్ళూ నాకు తెలియదే, మంచంలో ఉన్నారేమో, చూడకపోతే తప్పు కదా అని అరటిపళ్ళు పట్టుకుని దిగాను. "బాబాయిగారిని చూద్దామని వచ్చానండి" అన్నాను.

పిన్నిగారు నా మొహం, పళ్ళు మార్చి మార్చి చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఆయన పోయి పంతొమ్మిదేళ్ళమ్మాయ్! ఇంట్లో ఎక్కడుంటారు? బిల్లులో ఉంటారు."

ఎదురింటి సాంబశివరావు గారు కూడా లేరట. పలికింది ఆయన మనవరాలట. మూలింటి వీరాస్వామి గారు పోయాక ఆ ఇంట్లో రెండు తరాలు మారాయట. మీటరు ఎవరి పేరున పెట్టారో, బిల్లు ఇప్పటికీ వాళ్ళకే. "మా వీధిలో బిల్లులన్నీ పైనున్నవాళ్ళకే వస్తాయి. కట్టడం మటుకు మా వంతు" అంది.

పళ్ళు పటం ముందు పెట్టించింది. మీసాలున్న మనిషి. కొంచెం చిరాకుగా చూస్తున్నాడు.

సెప్టెంబర్ 6

నిద్ర పట్టలేదు. సంతోషం లాంటిదేదో. ఇపోలో కరెంటు ఆఫీసు అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందో నాకు గుర్తే. మంచినీళ్ళు ఇచ్చింది. మీటలు నొక్కింది. "అయిపోయింది మేడమ్, ఆయన పేరు తీసేశాం" అంది. కుర్చీలోంచి లేచేలోపు అతను ఎక్కడా లేకుండా పోయాడు. ఇక్కడ ఒక వీధి వీధంతా, పోయినవాళ్ళని నెలకోసారి గుమ్మంలోకి పిలిపించుకుంటోంది. దాన్ని ఎవరూ వింత అనుకోవడం లేదు. కూర తరుగుతూ "ఆఁ, వస్తున్నాం" అంటున్నారు. నాకు మాత్రం గుడిలో నిలబడినట్టుంది.

సెప్టెంబర్ 14

గ్యాస్ కూడా అతని పేరు మీదే. అతని పాత సిమ్‌కి డబ్బులు వేయిస్తేగానీ బండ బుక్ కాలేదు. "ప్రియమైన జశ్వంత్, మీ సిలిండరు బయలుదేరింది" అని మెసేజి వచ్చింది. ఎంత సేపు చూశానో.

బండ తెచ్చినాయన కేవైసీకి సారు మొహం ఒకసారి ఫోనుకి చూపించాలన్నాడు. బావగారికి చెప్పాను. ఆయన వారంలో గ్యాస్‌ని నా పేరుకి మార్పించేశారు. మంచిదే. మొహం చూపించాలంటే ఎక్కడినుంచి తెస్తాను.

కరెంటుకి మొహంతో పని లేదు.

సెప్టెంబర్ 19

ఫోనులో కట్టడానికి నాకిక్కడ బ్యాంకు ఖాతా లేదు. పిన్నిగారికి ఫోను మీద నమ్మకం లేదు. ఇద్దరం కాలవ గట్టునే నడిచి కరెంటాఫీసుకి వెళ్ళాం. దారిలో వాన పట్టుకుంది. ఆవిడ బిల్లు తడిసి ముద్దయింది.

కౌంటర్లో అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "నంబరు కనపట్టంలేదు మామ్మగారూ. పేరు చెప్పండి, వెతుకుతాను" అన్నాడు.

పిన్నిగారు తడిసిన బిల్లు వంకే చూస్తోంది.

"పేరండీ, ఎవరి పేరు మీదుంది మీటరు?"

"మా ఆయన పేరునే నాయనా."

"ఆయన పేరేంటి?"

ఆవిడ వెనక్కి తిరిగి వరసలో వాళ్ళని చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "శివుడి మెళ్ళో ఉంటది కదయ్యా, అది."

"రుద్రాక్షా?"

వరసంతా గొల్లుమంది. ఒకాయన "నాగేశ్వర్రావా?" అన్నాడు. ఇంకొకావిడ "నాగమల్లేశ్వర్రావేమో" అంది. పిన్నిగారు తల అడ్డంగా ఊపుతోంది, చెవులు ఎర్రబడ్డాయి. అప్పటికి నాకు అర్థమైంది. ఆవిడ మొగుడి పేరు నోటితో అనదు. మా మామ్మ కూడా అనేది కాదు. మా తాతని 'ఆ మనిషి' అనేది.

నేను ముందుకి వంగి "నాగభూషణం గారండి" అన్నాను.

కంప్యూటర్లో దొరికాడు. డబ్బు కట్టాం. బయట సోడా తాగుతూ ఆవిడ చెప్పింది. "నేననగూడదు. నువ్వన్నావు కాబట్టి సరిపోయింది. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ 'ఒరే నాగభూషణం' అని వీధి చివరికి వినపడేట్టు పిలిచేది. పేకాట స్నేహితులు పిలిచేవాళ్ళు. వాళ్ళందరూ పోయారు. పిల్లలకి నాన్న. నాకు 'ఏవండీ'. ఇంక ఆ పేరు పెట్టి పిలిచే దిక్కెవరమ్మాయ్? నెలకోసారి ఆ కరెంటాయన నోట వినపడాల్సిందే."

సోడా సీసా కింద పెట్టి, "కొన్ని నెలలు వాడు రెండోసారి పిలిచిందాకా పలకను" అంది.

నేనూ అంతే చేశానని ఆవిడకి చెప్పలేదు. సోడా తాగడం ఆపి ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ గమనించి ఉంటుంది.

అక్టోబర్ 6

బిల్లొచ్చింది.

"జశ్వంత్ గారూ!"

"ఊరెళ్ళారండి."

"అలాగేనక్కా. వచ్చాక అడిగానని చెప్పండి."

పిన్నిగారు మెట్ల కింద నుంచి అంతా విన్నది. బర్నబాస్ వెళ్ళాక పైకొచ్చి మెల్లిగా అంది, "వాడికి తెలుసమ్మాయ్. మొన్న ఫిబ్రవరిలో మీ బావగారు ఇక్కడికొచ్చి, మెట్ల మీద ఎవరితోనో ఫోనులో ఏడుస్తుంటే విని, నాకు ఆ కబురు చెప్పింది వాడే."

"మరి ఎందుకలా పిలుస్తాడండి?"

"అడిగాను. 'పేరు పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు కదా మామ్మా, ఊరికే తలుపు కొట్టడం నాకు నచ్చదు' అన్నాడు."

సిగ్గుతో చచ్చిపోవాల్సింది. సిగ్గు వెయ్యలేదు. రెండుసార్లూ నా అబద్ధాన్ని ఒక పరాయి మనిషి ఎంత పదిలంగా మోసుకుని మెట్లు దిగాడో అనుకుంటే గుండె నిండిపోయింది.

అక్టోబర్ 7

టికెట్ మార్చాను. నవంబరు బిల్లు కట్టేసి వెళ్ళిపోతాను.

అక్టోబర్ 17

రేపల్లె వెళ్ళొచ్చాను, ఒక్కదాన్నే. రైలు అక్కడితో ఆగిపోతుంది, ఆపైన పట్టాలు లేవు. అక్కణ్ణించి ఆటోలో పెనుమూడి రేవుకి. అతని అస్థికలు బావగారు కలిపింది అక్కడే. అప్పుడు నేను రాలేకపోయాను.

కృష్ణ అంత వెడల్పు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అవతలి గట్టు ఒక సన్నటి గీత. నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా తెలియనంత నెమ్మదిగా పోతున్నాయి. నది పేరు పెద్దది, సముద్రం దగ్గరపడింది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అతన్ని పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను. నోట్లోంచి రాలేదు. వల సర్దుకుంటున్నాయన "ఎవరికోసమమ్మా?" అన్నాడు. "ఎవరి కోసమూ కాదండి" అన్నాను.

నవంబర్ 5

"జశ్వంత్ గారూ!"

ఈసారి అబద్ధం చెప్పలేదు. చెయ్యి చాపి బిల్లు తీసుకున్నాను. బర్నబాస్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద పిన్నిగారు పలికినట్టు నాకూ పలకాలని ఉంది. ఆవిడకి పంతొమ్మిదేళ్ళ అలవాటు.

నవంబర్ 10, బాపట్ల

బావగారింట్లో భోజనం. ఇల్లు కొంటామని ఎవరో వచ్చారట. ముందు మీటరు నా పేరుకి మారాలట. "చనిపోయినవాళ్ళ పేరు మీద ఎన్నాళ్ళమ్మా? నీకే ఇబ్బంది" అన్నారు.

ఇబ్బంది ఏమీ లేదండీ, మా వీధంతా అలాగే ఉంది అని నేను ఉత్సాహంగా చెప్పేశాను. సాంబశివరావు గారు, వీరాస్వామి గారు, కింద పిన్నిగారి భర్త. వింత కథ చెప్తున్నట్టు చేతులు తిప్పుతూ చెప్పాను. ఎంత అందంగా ఉందో ఆయనకీ తెలియాలనుకున్నాను.

ఆయన చెయ్యి కడుక్కుంటూ "పాపం పెద్దావిడ, చేసిపెట్టేవాళ్ళు లేక అలా ఉండిపోయింది" అన్నారు.

నవంబర్ 17

బావగారు పొద్దున్నే తెనాలి వచ్చారు, సంచీ నిండా కాగితాలతో. నా చేత సంతకాలు పెట్టించారు. పెట్టాను. ఇల్లు అమ్మాలంటే తప్పదు కదా. నాకేమీ అనిపించలేదు.

తరవాత కిందికి దిగారు. పిన్నిగారి అప్లికేషను కూడా రాసుకునే వచ్చారు.

"నాకెందుకు బాబూ ఇంత శ్రమ?" అంది ఆవిడ.

"శ్రమేముంది పిన్నిగారూ! ఎలాగూ మా మరదలిది పెడుతున్నాను, ఒక్క చేత్తో రెండూ అయిపోతాయి. రేపు మీ పిల్లలకి కూడా సులువు."

ఆవిడ పెట్టెలోంచి మరణ పత్రం తీసి ఇచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు చూపించిన చోటల్లా గుండ్రంగా సంతకం పెట్టింది. సున్నుండలు పెట్టింది. ఇంటికొచ్చిన మనిషి మంచి చేస్తానంటే వద్దనడం ఆవిడకి రాదు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆపవచ్చు. ఆపితే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే నా సంగతీ చెప్పాలి. పైగా సంతకం దగ్గర వేలు పెట్టి చూపించేటప్పుడు బావగారి చెయ్యి అచ్చం అతని చెయ్యే. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

నవంబర్ 18

పిన్నిగారు సంతోషంగానే పెట్టింది సంతకం. నేను చూశాను. నవ్వింది కూడా.

నవంబర్ 20

ఈరోజు కూర రాలేదు. నేనే దిగాను. ఆవిడ కరెంటు బిల్లులు గుచ్చే తీగ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పాత బిల్లులు తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి. పైనున్న నాలుగైదింటి మీదే అక్షరాలున్నాయి.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. ఆయన పేరు కింద నా పేరు కూడా వేస్తారా, లేకపోతే ఆయనది తీసేసి నాది వేస్తారా?"

నేను తల దించుకున్నాను. చెప్పకపోయినా ఆవిడకి తెలిసింది.

"అంతేలే. ఒక మీటరుకి రెండు పేర్లెందుకు వేస్తారు" అని తీగ మేకుకి తగిలించింది. "మంచి పనేగా చేశాడు, పాపం అబ్బాయి."

ఇది నా నోటి వల్ల జరిగింది. నాకు నచ్చిన సంగతిని ఊరికే ఉంచలేక చెప్పాను, ఆవిడ ఇంటి ముందు పిలుపు పోయింది. రేపు మొదటి బండికి బాపట్ల వెళ్తాను. కాగితాలు ఇంకా సంచీలోనే ఉంటే రెండూ వెనక్కి తెచ్చేస్తాను. రెండూ. ఇల్లు అమ్ముడుపోకపోతే పోనీ.

గవర్నమెంటు పనులు నెలల తరబడి కదలవని ఇక్కడ అందరూ తిట్టుకుంటారు. దేవుడా, ఈ ఒక్కసారికి అది నిజం చెయ్యి.

నవంబర్ 21, బాపట్ల

"నువ్వు ఇంత దూరం రావాలా అమ్మా! మొన్ననే పెట్టేశాను. రెండూ శాంక్షనైపోయాయి, ఇప్పుడే మెసేజి వచ్చింది" అన్నారు బావగారు, ఫోను చూపిస్తూ. మొహం వెలిగిపోతోంది.

ఏడ్చేశాను. కృతజ్ఞతతో అనుకుని ఆయన నా తల నిమిరారు. అప్పుడు చెప్పాను. నెలకోసారి వీధిలో ఆ పిలుపు గురించి, పిన్నిగారు రెండో పిలుపు దాకా ఆగడం గురించి, నేను ఆగడం గురించి, 'డ్యూటీకి వెళ్ళారండి' గురించి. అన్నీ చెప్పాను.

ఆయన ఫోను బల్ల మీద బోర్లించారు.

"నేను కూడా ఈ మధ్య పేరు పెట్టి అనట్లేదమ్మా" అన్నారు. "మావాడు అంటున్నాను. పోయినవాడు అంటున్నాను. నేను ఎత్తుకు తిరిగిన పేరు అది."

"పిన్నిగారిది ఒక్కటైనా మళ్ళీ పాత పేరుకి మార్పించలేమా బావగారూ?"

"బతికున్నవాళ్ళ మీదనుంచి తీసి పోయినవాళ్ళ పేరున ఏ ఆఫీసు రాస్తుందమ్మా?" అని ఆయనా ఏడ్చారు.

ఏ తప్పూ లేని మనిషి. ఆయన్ని ఏమనను?

తిరుగు రైల్లో కిటికీ బయట పొలాలన్నీ బంగారం లాగా ఉన్నాయి. దారి పొడుగునా ప్రతి ఇంటికీ ఒక తీగ వెళ్తోంది. ఒక్కొక్క తీగ చివర ఎవరి పేరుందో అనుకుంటూ కూర్చున్నాను.

నవంబర్ 30

టికెట్ సంగతి ఆలోచించలేదు.

డిసెంబర్ 5

తెల్లారకముందే మెలకువ వచ్చింది. కింద తలుపు మూసే ఉంది. రోజూ ఆ పాటికి పిన్నిగారు ముగ్గు పెట్టేసేది.

ఎండ ఎక్కాక వీధి చివర గొంతు వినిపించింది. వీరాస్వామి గారు పలికారు. సాంబశివరావు గారు పలికారు. నేను వరండాలో పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఆదిలక్ష్మి గారూ! కరెంటు బిల్లండీ!"

ఎవరూ పలకలేదు.

"ఆదిలక్ష్మి గారూ!"

లోపల మనిషి ఉంది. మంచం కిర్రుమనడం నాకే వినిపించింది. బర్నబాస్ మిషను వంక చూసి, పైన నా వంక చూశాడు. "నేనేం చెయ్యనక్కా? ఇందులో ఈ పేరే వచ్చింది" అన్నాడు, తప్పు తనదైనట్టు.

నేను మెట్లు దిగి గేటు దాటి వీధిలోకి వెళ్ళాను. అతని పక్కన నిలబడ్డాను. ఏం చెయ్యబోతున్నానో గేటు దాటేదాకా నాకే తెలియదు.

"నాగభూషణం గారూ!" అన్నాను. గొంతు పీలగా వచ్చింది. ఎదురింటి మనవరాలు చీపురు ఆపి చూసింది. మళ్ళీ, ఈసారి ఊపిరి పీల్చుకుని, వీధి చివరి దాకా వినపడేట్టు పిలిచాను.

"నాగభూషణం గారూ! కరెంటు బిల్లండీ!"

తలుపు తెరుచుకోలేదు. నాకు నవ్వాలో పారిపోవాలో తెలియలేదు. ఆవిడకి కోపం వస్తే? పరాయి దేశం నుంచి వచ్చి, ఉన్నది పోగొట్టి, ఇప్పుడు ఎగతాళి చేస్తోందనుకుంటే?

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

"ఆఁ... వస్తున్నాం!"

చెంగు భుజాన సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బిల్లు తీసుకుంది. దాని మీద ఏముందో చూడలేదు, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. నన్నే చూసింది చాలాసేపు.

"మీదీ ఉందక్కా" అని బర్నబాస్ మీట నొక్కాడు. "అనసూ..."

పిన్నిగారు చెయ్యి ఎత్తింది. "నువ్వాగరా." నా వైపు తిరిగి, "నువ్వు పైకెళ్ళు" అంది.

"ఎందుకండి?"

"వెళ్ళమన్నానా! వెళ్ళి తలుపేసుకో."

వెళ్ళాను. తలుపు వేసుకుని గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదు. వీధిలోంచే వచ్చింది గొంతు. కొంచెం బొంగురుగా, ఆడుకుంటున్న పిల్లవాణ్ణి అన్నానికి పిలిచినట్టు.

"జశ్వంతూ! బాబూ జశ్వంతూ! కరెంటు బిల్లొచ్చింది నాయనా!"

గడియ తియ్యలేదు. ఆగాను. ఎందుకు ఆగానో ఆవిడకి తెలుసు. అందుకే రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది.

"ఆఁ, వస్తున్నాం!" అన్నాను.